కడుపులో పాడిన పెరుగు

దేవరకొండ గుట్ట మీదికి ఎండ ఎక్కేసరికి గొర్లకాపరి పర్వతాలు దొడ్డి తడక తీసి గొర్లను బయటికి తోలేవాడు. భార్య గుర్వమ్మ సద్ది గిన్నెలో జొన్న గటక పెట్టి, పైన పెరుగు పోసి ఇచ్చేది. నాలుగు నెలలుగా ఆయన ఆ పెరుగు వద్దంటున్నాడు. దగ్గొస్తుందని ఒకనాడు, పులిసిందని ఒకనాడు చెప్పి వట్టి గటకే కట్టించుకుని పోతున్నాడు.

ఆ పెరుగు తోడు వాళ్ల బిడ్డ పుష్ప తెచ్చింది. ఆమె హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. తోడులోని సూక్ష్మజీవులకు అక్కడ పని నేర్పారు. పేగుల్లో తిరగాలి, క్యాన్సర్ గడ్డ కనబడితే దాన్ని పట్టుకుని అక్కడే మందు ఊరించాలి. ఊరికొచ్చాక అవి సొంతంగా ఇంకొకటి నేర్చుకున్నాయి. గడ్డ దొరికితే పాడేవి. తుమ్మెద రొదలాంటి సన్నని పాట, పక్కన కూర్చున్నవాళ్లకు వినబడేది. పోయినేడు అదే తోడు పెరుగు తిన్న పక్కింటి శ్యామలమ్మ కడుపు పాడితే, బర్రెలను మేం చూసుకుంటామని చెప్పి ఇరుగుపొరుగు ఆమెను దవాఖానకు పంపారు. పంటినొప్పికి పోయొచ్చినట్టే పోయొచ్చింది.

పర్వతాలుకు చెంబు పట్టుకుని పోయినప్పుడల్లా నెత్తురు పడుతోంది. మొలలే అనుకున్నాడు. అనుకున్నాడు గానీ పెరుగు ముట్టలేదు. పాడితే ఊరికి తెలుస్తుందని సిగ్గు, తనకు తెలుస్తుందని భయం.

దసరాకు పుష్ప వచ్చింది. బాపు నడుము మీద పంచె నిలవకపోవడం చూసింది.  మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద ఆయన సద్ది విప్పుతుంటే పక్కన కూర్చుని పెరుగు గిన్నె ముందు పెట్టింది.

“పాడితే ఎట్ల బిడ్డా?”

“పాడితే పని మొదలువెట్టినట్టే బాపు. పాడకుంట లోపల గడ్డ పెద్దగైతాంటెనే నాకు ఫికర్.”

ఆయన గిన్నె ఎత్తి పెరుగంతా తాగాడు.

పొద్దుగూకకముందే పాట మొదలైంది. బొడ్డుకు ఎడమ పక్క, జర కిందికి. రెండు గొర్రెపిల్లలు వచ్చి ఆ పక్కనే ఒరిగి కళ్లు మూశాయి.

తెల్లారి బిడ్డతో ఎక్కిన బస్సులో కండక్టర్ ఆ పాట విని ఆయనకు కిటికీ పక్క సీటు ఇప్పించాడు. జనం గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు. దవాఖానలో కెమెరా గొట్టం వేసి చూసిన డాక్టరమ్మ, బొటనవేలంత గడ్డ ఉందని, ఇంకా పేగు గోడ దాటలేదని చెప్పింది. పెరుగు ఆపొద్దంది. నెల తర్వాత మిగిలింది తీసేస్తానంది.

రోజూ తిన్నాడు. పాట సన్నబడుతూ వచ్చింది. ఇరవయ్యారో రోజు వాగు దాటుతుంటే ఆగిపోయింది. ఆయన అక్కడే నిలబడిపోయాడు, వెనకాల గొర్లు కూడా నిలబడ్డాయి. ఇంటికి పోయాక గుర్వమ్మ కడుపుకు చెవి ఆనించి విన్నది. గటక అరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

నెలకు గుర్వమ్మను వెంటబెట్టుకుని మళ్లీ దవాఖానకు పోయాడు. గడ్డ ఉన్నచోట పెసరగింజంత మచ్చ మిగిలింది. డాక్టరమ్మ దాన్ని గొట్టంలోంచే తీసేసి, ఇద్దరికీ తెర మీద చూపించింది. పర్వతాలు తన లోపలిని చూసుకున్నాడు. వాన వెలిసిన డొంకదారిలా తడిగా, మెత్తగా, మలుపు తిరిగి ముందుకు పోతూనే ఉంది.

బస్సెక్కాక గుర్వమ్మ అడిగింది. “నాకెందుకు చెప్పకపోతివి?”

నెత్తురు పడ్డ మొదటి రోజు నుంచి మొదలుపెట్టి, దేవరకొండ దాకా ఆయన చెబుతూనే ఉన్నాడు.