అన్నింటి మీద సారు ముఖం

రోజూ పొద్దున అశ్విని అందరికంటే ముందు వచ్చి, తన సీట్లో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న బొరుగుల ఉగ్గాణి డబ్బా మూత తీసి, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో నిన్నటి పని తెరుస్తుంది. అనంతపురం నుంచి మాదాపూర్ వచ్చి ఏడేళ్లయినా ఈ అలవాటు మారలేదు. ఉగ్గాణి వాసనకి ముక్కు చిట్లించేవాళ్లు ఆ ఫ్లోరులో ఉన్నారు. వాళ్లని ఆమె లెక్కచెయ్యదు.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులు మూతబడ్డాయి. కరెంటు వస్తూ పోతూ ఉంది. ఊరంతా ఆగినా తన అద్దాల మేడ మాత్రం ఆగకూడదని డైరెక్టరు రామచంద్రం గారి పంతం. అందుకే కంపెనీ క్యాబులు మసక చీకట్లోనే అశ్విని ఉండే మదీనాగూడ దాకా వచ్చి, నిద్రమొహాలతో ఉన్న జనాన్ని ఎక్కించుకుపోతున్నాయి.

అశ్విని పని ఆఫీసు సొంత అప్లికేషన్ చూసుకోవడం. సెలవులు, హాజరు, ఉద్యోగంలో చేర్చుకోవడం, తీసెయ్యడం, అన్నీ అందులోనే జరుగుతాయి. ఒకరోజు రామచంద్రం గారు ఆమెను పిలిపించారు. ఆయన వక్కపొడి నములుతూనే మాట్లాడతారు. ఎదుటివాళ్లు తుడుచుకుంటూ వింటారు.

"చూడమ్మా, నా ఫొటో ఒక చిన్న డబ్బాల రావాలె. దాని కింద రోజుకో మంచి మాట. ఎవరేం పని చేస్తున్నా అది పైననే కనబడాలె."

"అట్లే సార్. దాన్ని మన అప్లికేషన్‌కి కట్టేస్తాను. మన అప్లికేషన్ పైనున్నంతసేపు అదీ పైనే ఉంటుంది. కిందికి దించితే అదీ దిగుతుంది. ఎవరైనా అట్లే చేస్తారు సార్."

"నేనెందుకు దిగాలె? అన్నిటి మీద అంటే అన్నిటి మీద. దేనికీ కట్టేయకు."

దానికి కోడ్‌లో ఒక్క లైను చాలు. ఏ విండో తెరిచినా, ఏ పని చేసుకుంటున్నా, దాని నెత్తినెక్కి కూర్చోమని చెప్పే లైను. అలాంటిది రాయడం ఎంత మర్యాద తక్కువ పనో అశ్వినికి తెలుసు. తెలిసీ రాసింది. ఆ రోజు ఉగ్గాణి సగంలోనే వదిలేసింది.

సోమవారం ఆ ఫొటో అందరి కంప్యూటర్లలోకీ వెళ్లింది. మధ్యాహ్నానికి స్క్రీన్ దాటి బయటికొచ్చింది. ఎవరి చూపుకైనా కుడి పక్కన, కొంచెం కింద, అరచేయంత డబ్బాలో రామచంద్రం గారి నవ్వు, గారపట్టిన పళ్లు, కింద ఆ రోజు మంచి మాట. క్యాంటీన్లో పెరుగన్నం మీద నిలబడింది. జనం ప్లేటు కాస్త ఎడమకి జరుపుకుని తిన్నారు. ఆడవాళ్ల టాయిలెట్లోనూ కనబడితే ఎవరో దాని మీద చున్నీ కప్పారు. అది చున్నీ మీదికి వచ్చింది. ఇక లాభం లేదని కళ్లు మూసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఫిర్యాదు మాత్రం ఎవరూ చెయ్యలేదు. ఏసీ చలి ఎక్కువైందని చేశారు, కాఫీ పలచగా ఉందని చేశారు. ముఖం గురించి ఒక్కరూ నోరు మెదపలేదు. ముఖం కంటే ఈ జనమే అశ్వినికి ఎక్కువ రోత పుట్టించారు. దాన్ని రాసింది తనే కనుక ఆ రోతలో తన వాటానీ ఆమె లెక్కేసుకుంది.

పక్క సీట్లో మధుకర్. సిద్దిపేట పిల్లవాడు. అశ్విని రాసిన దాంట్లో తప్పులు వెతకడం అతని ఉద్యోగం. భార్య ప్రియదర్శినికి నెలలు నిండాయి. కాన్పు కష్టమవుతుందని డాక్టరు ముందే చెప్పింది. పెద్ద దవాఖానలో చేర్చేందుకు అతని దగ్గరున్నదల్లా కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు. ఉద్యోగం పోయిన రోజే ఆ కార్డూ చెల్లకుండా పోతుంది.

ఆ వారంలోనే ఒకరోజు అశ్విని ఎక్కిన క్యాబు మదీనాగూడ దాటలేకపోయింది. బొంబాయి హైవే మీద సమ్మెవాళ్ల వంటావార్పు. రోడ్డు నడిమధ్య రాళ్లపొయ్యిలు, అన్నం డేగిసాలు, పప్పు మరుగుతున్న వాసన. ఆమె దిగి చూస్తే మధుకర్ ఉల్లిగడ్డలు కోస్తూ కనబడ్డాడు.

"నువ్వేమప్పా ఈడ? సారు లీవు ఇచ్చినాడా?"

"ఇయ్యలేదక్కా. అడిగిన, కుదరదన్నడు. అయినా వచ్చిన. మావోళ్లంతా రోడ్ల మీద ఉంటే నేను ఏసీల ఎట్ల కూసుంట? నువ్వు జర తిని పో."

పొయ్యి దగ్గర భాగ్యమ్మ అనే పెద్దావిడ పప్పు కలుపుతోంది. ఉద్యోగుల వెంట వచ్చిన ముఖం డేగిసా మీద వేలాడుతోంది. "జర పక్కకు జరుగు సారూ, ఆవిరి తగుల్తది," అందామె. అది జరగలేదు. ఆమె గరిటె దాని పక్కనుంచి తిప్పుకుంది.

అంతలో నల్లకారు వచ్చి ఆగింది. వెనకే కెమెరాల వాళ్లు. రామచంద్రం గారు కారులోనే గులాబీ కండువా మెడలో వేసుకుని దిగారు. నేరుగా వచ్చి గరిటె అందుకున్నారు.

"జై తెలంగాణ! ఈ తమ్ముడు మా ఆఫీసోడే. గిసుంటి పిల్లగాండ్ల తోనే రాష్ట్రం వస్తది!" అంటూ మధుకర్ భుజం మీద చెయ్యేశారు. నినాదంతో పాటు వక్కపొడి తుంపర్లు పప్పులో పడ్డాయి. భాగ్యమ్మ ఆ పైపప్పు తీసి రోడ్డు పక్కన పారబోసింది. ఫొటోలు తీశారు. సారు అసలు ముఖం మీదికి డబ్బాలోని ముఖం వచ్చి నిలబడితే, కెమెరాల వాళ్లు దాన్నే ఫొటో తీసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే అశ్వినికి కేబిన్ నుంచి పిలుపొచ్చింది.

"నీ అప్లికేషన్ సచ్చిపోయింది, చూడు. ఆ మధుకర్‌గాని పేరు తెరిచిన, తొలగించు అని నొక్కిన. అంతే, ఇగ కదుల్త లేదు."

"మధుకర్‌నా సార్? ఎందుకు?"

"సెలవు లేకుండ నిన్న రోడ్డు మీద ఉన్నడు. నా కండ్లతోని చూసిన."

"మీరూ అక్కడే ఉన్నారు కదా సార్. భుజం మీద చెయ్యి కూడా..."

"అది పబ్లిక్ కోసమమ్మా. ఇది ఆఫీసు."

అశ్వినికి ఉమ్మెయ్యాలనిపించింది. మింగింది.

కేబిన్లో ఆ ముఖం అరచేయంత లేదు. ఆయన దాన్ని ప్రేమగా చూసుకోగా చూసుకోగా తాంబాళమంత పెరిగి, సరిగ్గా ఆయన కళ్లకీ కంప్యూటరుకీ మధ్యలో నిలబడి ఉంది. ఏమైందో ఆమెకి వెంటనే తెలిసింది. ఎవరినైనా తొలగించేముందు, నిజంగా తొలగించమంటారా అని అడిగే చిన్న పెట్టె స్క్రీన్ నడుమ తెరుచుకుంటుంది. అవునో కాదో చెప్పేదాకా అప్లికేషన్ ఇంక దేనికీ పలకదు. పెట్టె తెరుచుకునే ఉంది. సారు ముఖం వెనకాల, మౌసుకి అందకుండా ఉంది.

మౌసు లేకపోయినా మీటలు పనిచేస్తాయి. ఎంటర్ నొక్కితే అవును. ఎస్కేప్ నొక్కితే కాదు. ఆ సంగతి ఆ పెట్టె రాసిన అశ్వినికి తెలుసు.

"మీ ఫొటో అడ్డమొచ్చింది సార్," అంది ఉన్నమాటే. "దాన్ని ఒక మెట్టు దించితే కనబడుతుంది."

రామచంద్రం గారు తన ముఖం వంక చాలాసేపు చూసుకున్నారు. "అంటే నా మీదికి ఇంకోటి వస్తదా?"

"వస్తుంది సార్."

"వద్దు. వేరే ఏమన్న తరీఖా చెప్పు."

దవాఖాన మెట్ల మీద ప్రియదర్శిని, ఆమె చేతిలో చెల్లని కార్డు, అశ్విని కళ్లముందు నిలిచాయి.

"ఎస్కేప్ నొక్కండి సార్."

నొక్కారు. అప్లికేషన్ కదిలింది. "అయిపాయె," అన్నారాయన తృప్తిగా, వక్కపొడి ఇంకో చిటికెడు నోట్లో వేసుకుంటూ.

అవలేదని ఆమె చెప్పలేదు. బయటికొచ్చి చల్లటి నీళ్లతో ముఖం కడుక్కుంది. ఒక మనిషి బతకాలంటే ఇంకో మనిషి తన మొహం చూసుకుని మురిసిపోతూనే ఉండాలి. ఇదేం ఏడుపు ఉద్యోగమని తనని తనే తిట్టుకుంది.

ఆ రోజు నుంచి రామచంద్రం గారు తన ముఖం వెనక నుంచే నడిచారు. గోడలకి తగలకుండా తిరిగేవారు కానీ, తీసేశాననుకున్న మనిషి మాత్రం ఆయనకి కనబడలేదు. మధుకర్ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పని చేసుకుంటుంటే పక్కన నిలబడి, "ఈ సీటు ఖాళీగ ఎందుకు పెట్టిన్రు?" అని అడిగారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలు వంచుకుని టైపు చేసుకున్నారు. జీతం వేళకి పడింది. కార్డు చెల్లింది.

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలైన వారంలో ప్రియదర్శినికి ఆడపిల్ల పుట్టింది. ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చినా తల్లీపిల్లా క్షేమం. మధుకర్ దూద్ పేడాల పెట్టె పట్టుకుని ఫ్లోరంతా పంచుతుండగా, కేబిన్ తలుపు తెరుచుకుని రామచంద్రం గారు ఎదురొచ్చారు. అశ్విని కుర్చీలోంచి సగం లేచింది. మధుకర్‌కి ఏమీ తెలియదు కనుక నవ్వుతూ పెట్టె ముందుకు చాచాడు.

"బిడ్డ పుట్టింది సార్."

రామచంద్రం గారు ఎటో చూసి నవ్వారు. చెయ్యి గాల్లో తడిమి, పెట్టెలోంచి పేడా తీసుకుని, ఎవరిచ్చారని అడక్కుండా నోట్లో వేసుకున్నారు. చప్పరిస్తూ మళ్లీ చెయ్యి పెట్టి రెండోది కూడా తీసుకున్నారు.