కింది కుళాయి పాలు

మా ఆయన ప్రభుత్వ ల్యాబులో పాలు పరీక్షిస్తారు. ఇంట్లో మాత్రం ఎదురుగా పాలు పొంగిపోతున్నా పేపరు దించరు.

ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని మర్నాడు చెప్పాల్సిన సాక్ష్యం వల్లె వేసుకుంటున్నారు. పాల దుకాణం నడిపే ఒకావిడ పాలల్లో నీళ్లు కలిపిందని కేసు. రుజువైతే లైసెన్సు రద్దు, దుకాణం మూత.

"వెన్న రెండు శాతం. ఉండాల్సింది మూడున్నర. మూడుసార్లు చూశాను," అన్నారు, నేనేదో కాదన్నట్టు.

"పాలు ఎక్కణ్ణించి పట్టారు?"

"డబ్బా కింది కుళాయి నుంచి. నమూనా తీసిన ఫుడ్ ఇన్‌స్పెక్టరు రాసిచ్చాడు."

"పట్టేముందు డబ్బాలో పాలు గరిటెతో కలిపారా?"

"ఫారంలో ఆ గడి లేదు."

"గడి లేదని మీగడ పైకి తేలడం మానేస్తుందా అండీ? కింది నుంచి పట్టుకుంటే పలచటివే వస్తాయి."

"నువ్వూ నీ మీగడా! సీసాలో ఏముందో చెప్పడం వరకే నా పని," అని కాగితం మడిచారు. ముందున్న కాఫీ మాత్రం తాగకుండానే చల్లారిపోయింది.

మర్నాడు విచారణకి నేనూ వెళ్లాను. గది నిండా కుర్చీలున్నా పాలావిడ నిలబడే ఉంది. లాయరు లేడు.

"మీ అంకె సరైందేనా?" అని లైసెన్సు అధికారి మా ఆయన్ని అడిగాడు.

"సరైందేనండి."

అధికారి కలం మూత తీశాడు.

"ఆ సీసా వరకూ," అన్నారు మా ఆయన. "డబ్బా మొత్తానికీ అని చెప్పలేను. కలిపి పట్టారో లేదో నాకు తెలీదు."

ఇన్‌స్పెక్టరు లేచాడు. "కలపమని రూల్లో ఎక్కడుంది సార్?"

"నేను కలుపుతానంటే టైం లేదన్నావు కదా బాబూ!" అంది పాలావిడ.

అధికారి కలానికి మూత పెట్టి, ఆ దుకాణం నుంచే మళ్లీ నమూనా పట్టి తెమ్మన్నాడు. ఈసారి కలిపి పట్టారు. మూడు పాయింట్ ఎనిమిది వచ్చింది. లైసెన్సు నిలిచింది.

ఆ మర్నాడు పొద్దున్నే ఆ దుకాణానికి వెళ్లాను. ఎవరూ అడక్కముందే పాలావిడ డబ్బా మూత తీసి, అడుగుదాకా గరిటె తిప్పి, అందరికీ కనబడేలా మళ్లీ తిప్పి, అప్పుడు పోస్తోంది.

నా ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి గుసగుసగా అడిగాడు:

"ఇంతలా కలుపుతోందేమిటమ్మా, నీళ్లుగానీ పోసిందంటావా?"