ఎంగిలి తూచిన కాటా

నేను ఒక కాటాను. జానెడు స్టీలు పళ్లెం, దాని కింద తెల్ల ప్లాస్టిక్ డొక్క, ముందు అంకెలు వెలిగే చిన్న అద్దం. నా తూకంలో గ్రాము తేడా రాదని నన్ను చేసినవాళ్లు డొక్క మీద అచ్చు వేశారు. ఆ మాట నిజమే. కానీ నా మీద ఏమేం పెడతారో ముందే తెలిసి ఉంటే, నేను పుట్టిన రాజ్‌కోట్ రేకుల షెడ్డులోనే తప్పుడు తూకం చూపించి మిగిలిపోయేదాన్ని.

మొదట్లో నా బతుకు తియ్యగానే గడిచింది. గోదావరి కాలవ గట్టునున్న చిన్న పట్నంలో ఒక మిఠాయి కొట్టు. కజ్జికాయలు, గవ్వలు, పాకం కారే జీళ్లు. నా సందుల్లో నెయ్యి, నెయ్యి కోసం చీమలు, చీమల కోసం బల్లి. యజమాని తల్లి మాణిక్యమ్మగారు రోజూ పొద్దున్నే నన్ను రెండు వేళ్లతో తట్టి, "లేమ్మా, బేరాలొచ్చాయి" అనేది. ఆవిడ పోయి పన్నెండు రోజులు దాటగానే కొడుకు పెద్ద కాటా కొన్నాడు. నన్ను ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీకి దానమిచ్చాడు. ఆయన మెడలో దండ వేసి ఫోటో తీశారు. ఆ ఫోటోలో నేను ఓ మూలన సగమే పడ్డాను.

కాలేజీలో నన్ను పోషకాహారం ల్యాబులో పెట్టారు. రెండేళ్ల డిప్లొమా. ఇక్కడ బాగా చదివినవాళ్లు యూనివర్సిటీలో డిగ్రీ రెండో ఏడాదిలోకి నేరుగా వెళ్లొచ్చు. అందుకే ఈ గదిలో ఎవరూ నిలవరు. నేను ముఖాలు గుర్తుపట్టేలోపు బ్యాచి మారిపోతుంది. వచ్చినవాళ్లు నా మీద పచ్చి గుడ్డు పగలగొట్టారు, కోడి కార్జం పెట్టారు, బూజు పట్టిన పెసలు తూచారు. నూనె తగ్గించాలని బోర్డు మీద రాసి, ఆ బోర్డు చాటునే మిరపకాయ బజ్జీలు తిని, ఆ వేళ్లతోనే నన్ను నొక్కారు.

ఆసుపత్రికి వెళ్లాక అదంతా నయమనిపించింది.

ఆఖరి ఏడాది ప్రాజెక్టు అక్కడే. రోగికి వడ్డించిన కంచాన్ని ఓసారి, తిన్నాక తిరిగొచ్చిన కంచాన్ని ఓసారి తూచాలి. తేడా ఎంతో, అతను తిన్నది అంత. ఈ పని నూకరత్నానికి పడింది. అంగన్‌వాడీలో ఆయాగా చేసి, ఇరవై ఎనిమిదో ఏట మళ్లీ పుస్తకం పట్టిన మనిషి. ఈ రికార్డు ఒప్పుకుంటేనే ఆమెకు యూనివర్సిటీలో సీటు. ఈ ఏడు రాకపోతే ఇక చదువు మాటే ఎత్తొద్దని అత్తగారు ముందే చెప్పేసింది.

ఆ కంచాలు ఎలా వచ్చేవో చెప్పాలంటే ఇప్పటికీ నాకు రోతే. గడ్డకట్టిన అన్నం, మజ్జిగలో వెంట్రుక, మింగకుండా అన్నంలో పూడ్చేసిన మాత్రలు, ఓ రోజు ఆర్పేసిన చుట్ట పీక. ఎనిమిది రోజులు నూకరత్నం ముక్కుకు కొంగు కట్టుకుని అవన్నీ నా మీద పెట్టింది. గదుల కంచంలో ఒక్కో గదిలోది విడిగా తీసి తూస్తే, మునక్కాడ పులుసు గదిలోది మాత్రం ప్రతిసారీ బరువుగానే తేలేది.

లెక్చరరు హైమావతి మేడమ్ మురిసిపోయింది. "చూశావా, పులుసు ఎవరూ ముట్టడం లేదు. మంచి ఫలితం!" అని ఆసుపత్రికి కాగితం రాసింది. వంటవాళ్లకు పని తగ్గింది. మర్నాటి నుంచి పులుసు మానేసి నీళ్లలాంటి చారు పోశారు.

రెండు రోజుల తర్వాత, కాలికి కట్టుతో పడుకున్న సత్తిరాజు అనే ముసలాయన నూకరత్నాన్ని కేకేశాడు.

"ఏవమ్మా కాటా పిల్లా, పులుసు మాన్పించింది నువ్వేనంటగా?"

"మీరంతా వదిలేత్తన్నారు కదండి తాతగారూ. తూచేను."

"వదిలేసింది పిప్పి! మునక్కాడ నమిలేక పిప్పి ఉమ్మక ఏం చేత్తారు? మీ ఇంట్లో మింగేత్తారేంటి?"

వార్డంతా నవ్వింది. నూకరత్నం చేతిలోని పుస్తకం తెరిచి చూసుకుంది. కంచంలో మిగిలినదంతా తూచాలని పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం రాసినవాళ్ల దేశంలో మునక్కాడలు తినరు కాబోలు. పళ్లు వచ్చిన దగ్గర్నుంచీ పిప్పి ఉమ్ముతూ పెరిగిన మనిషి, చేతిలో పుస్తకం ఉందని ఆ సంగతే మరిచిపోయింది. ఉమ్మి పీల్చుకుని బరువెక్కిన పిప్పికి అంకె చూపించి, ఆమెను నమ్మించింది నేనే.

"రికార్డు బైండింగ్ కూడా అయిపోయింది. సోమవారం వైవా. పిప్పి గురించి ఎవరడుగుతారే?" అంది మేడమ్, నూకరత్నం వెళ్లి సంగతంతా చెబితే.

"ఆళ్లు ఇష్టంగా తినేదాన్ని నేను మాన్పించేసేనండి."

"అయితే సీటు కూడా మానుకో."

నూకరత్నం బైండు విప్పేసింది. వంటాయన్ని బతిమాలి మూడు రోజులు మళ్లీ పులుసు పెట్టించింది. తిరిగొచ్చిన ప్రతి కంచంలోనూ పిప్పి ఓ గిన్నెలోకి, మిగతాది ఓ గిన్నెలోకి ఏరింది. చేతి తొడుగులు వేసుకుంటే సన్న పీచులు పట్టుకు దొరకలేదు. ఉత్త చేతులతోనే ఏరింది. సొంత చెల్లెలు కొరికిన జామకాయ ముట్టని మనిషి! రెండో కంచానికే వార్డు వెనక్కి పరుగెత్తి కక్కుకుంది. నోరు కడుక్కుని వచ్చి మూడో కంచం అందుకుంది. నాకు ఆ వీలు కూడా లేదు.

"ఊరందరి ఎంగిలీ కెలికిన చేతుల్తో నా వంటింట్లోకి వత్తావా?" అని అత్తగారు పెరట్లోనే తలమీంచి నీళ్లు పోయించింది. ఎవరు ఎంత తినాలో చదువుకున్న నూకరత్నం ఆ మూడు రోజులూ మజ్జిగతో గడిపింది.

లెక్క తిరగబడింది. పులుసులో వదిలింది పిప్పి ఒక్కటే. రోగులు నిజంగా వదిలేస్తున్నది అన్నం. సగం ఉడికి, పంటికింద రాళ్లు తగిలే అన్నం.

సోమవారం యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకురాలు, బైండు లేని ఆ కాగితాలు తిరగేసి ఒకచోట ఆగింది.

"ఇదంతా చేత్తో ఏరావా?"

"ఆయ్, చేత్తోనేనండి."

"మరి ముందు రాసిన లెక్క?"

"అది నా తప్పండి. అదీ రాసేను, చివరి పేజీలో."

"నేనే మళ్లీ చేయించానండి" అంది పక్కనుంచి హైమావతి మేడమ్.

పరీక్షకురాలు తన ముందున్న బిస్కెట్ల పళ్లేన్ని రెండు వేళ్లతో దూరంగా నెట్టింది. తర్వాత కలం తీసి సంతకం పెట్టింది.

సీటు కాగితం వచ్చిన రోజు నూకరత్నం ల్యాబుకి ఒక్కతే వచ్చింది. వెళ్లిపోయే పిల్లలు నన్ను చూడరు. ఈమె కూడా అంతే అనుకున్నాను. నన్ను రెండు చేతులా ఎత్తి కుళాయి కిందికి తీసుకెళ్లింది. వెంట తెచ్చుకున్న చింతపండు రాసి, ముగ్గుపిండి చల్లి, అడుగూ అంచూ తోమింది. పుల్లతో సందుల్లోని పీచు లాగింది. "ఎనకొచ్చేవోళ్లు నిన్ను చూసి ముక్కు మూసుకోకూడదే" అని కొంగుతో తుడిచి, బల్ల మీద పెట్టి, బస్సుకు టైమైందని పరుగున వెళ్లిపోయింది.

మర్నాడు మేడమ్ మీట నొక్కితే నా అద్దంలో అంకెలు పిచ్చిగా పరుగెత్తి ఆరిపోయాయి. "పనిచేయదు" అని చీటీ అంటించి స్టోరు గదిలో పారేశారు. నూకరత్నానికి ఈ సంగతి తెలియదు. డొక్కలోకి నీళ్లు దిగుతున్నప్పుడే నాకు అర్థమైంది. చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా, తోమడం ఆపమని మాత్రం అనేదాన్ని కాదు.