ఎడమ పక్క పడిపోయిన తల్లులు

ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడం నేర్పమని కొత్తవెలుగు విద్యా సమితి నన్ను పిలిచింది. వాళ్లకు కావలసింది ఉత్తరం కాదు, మంత్రమని మొదటి అరగంటలోనే తెలిసిపోయింది.

సమితికి మందమర్రి, మెట్‌పల్లి, బోథ్‌లలో మూడు బడులున్నాయి. ఆఫీసు కరీంనగర్‌లో ఉంది. ఆ జూన్‌లో కార్యదర్శి రాజేశం గారు ఒక సర్క్యులర్ తీశారు. సెలవైనా, బదిలీ అయినా, ఫిర్యాదైనా ఇకమీదట ఇంగ్లీషులోనే రాయాలి. తెలుగులో రాస్తే విషయం అర్థమైపోతుందని ఆయన భయం కాబోలు. టీచర్లు, క్లర్కులు, అటెండర్లు కలిపి ఇరవై ఆరు మంది, ఆరు ఆదివారాలు. డిగ్రీ కాలేజీలో ముప్ఫై మూడేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన నాకు ఆ పని అప్పగించారు.

మొదటి ఆదివారం అధికారిక లేఖ. చిరునామా ఎక్కడ రాయాలి, తేదీ ఎక్కడ వేయాలి, విషయాన్ని ఒక్క వాక్యంలో ఎలా చెప్పాలి, 'డియర్ సర్' అని మొదలుపెడితే చివర 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' అనే ఎందుకు రాయాలి, అన్నీ బోర్డు మీద వేసి చూపించాను. "ఇవన్నీ గడప బయట చెప్పులు విడవడం లాంటి మర్యాదలు. వీటిలో ఏ శక్తీ లేదు. పని జరిగితే మధ్యలో రాసిన విషయం వల్లే జరుగుతుంది" అన్నాను. అందరూ శ్రద్ధగా నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. అప్పుడు మెట్‌పల్లి బడి అటెండరు ఎల్లేశం లేచి నిలబడ్డాడు.

"సార్, మరి 'ఐ మోస్ట్ హంబ్లీ బెగ్' యాడ రావాలె?"

"ఎక్కడా రాకూడదు."

"గదేంది సార్! అడుక్కోకుంటె ఎట్ల ఇస్తరు?"

"నువ్వు అడుక్కోవడం లేదు. అడుగుతున్నావు."

"గా ముచ్చట మాకెందుకు సార్, ఇచ్చెటోళ్లకు చెప్పుండ్రి" అన్నాడు. క్లాసంతా నవ్వింది.

'మీ దీర్ఘాయుష్షు కోసం సదా ప్రార్థిస్తాను' అనే ముగింపును కూడా కొట్టివేయించాను. ప్రార్థన వల్ల ఎవరి ఆయుష్షూ పెరగదని హేతువాదిగా ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి. కార్యదర్శి ఆయుష్షుకు మాత్రం మినహాయింపు ఎందుకుండాలి? గుమాస్తా మమతారాణి చివరిదాకా కలం కదపలేదు.

"కొట్టేస్తె కోపమొస్తదేమో సార్."

"ఎవరికి?"

"సెక్రెటరీ సార్‌కో, దేవునికో. ఎవలికొచ్చినా మనకు ఒకటే గద."

రెండో ఆదివారం రెండు లేఖలు ఇంట్లో రాసి తెమ్మన్నాను. ఒకటి బదిలీ కోరుతూ కార్యదర్శికి, రెండోది ఆత్మీయులకు సొంత కబుర్లతో. మూడో ఆదివారం తెచ్చి ఇచ్చారు. ఆ వారం వాటిని దిద్దుతూ తొలుత నా కళ్లను నేనే నమ్మలేదు. తర్వాత కాగితం తీసుకుని లెక్క వేశాను. ఇరవై ఆరు మందిలో పందొమ్మిది మంది తల్లులకు పక్షవాతం వచ్చింది. అందరికీ 'గత దసరా నుండి'. పద్దెనిమిది మందికి ఎడమ పక్కే పడిపోయింది. ఒకే సమితిలో, ఒకే పండుగ నాడు, ఒకే పక్క! మూడు ఊళ్ల మీదుగా ఇంత క్రమశిక్షణతో నడిచే రోగం వైద్యశాస్త్రంలో లేదు. మిగిలిన ఒక్క లేఖలో మాత్రం కుడి పక్క అని ఉంది. దాని పక్కన ఎర్ర సిరాతో 'కాపీ కొట్టడం కూడా చేతకాలేదు' అని రాశాను.

నాలుగో ఆదివారం ఆ ఎర్ర సిరా వాక్యాన్ని, ఎవరిదో చెప్పకుండా, క్లాసులో చదివి వినిపించి ఎల్లేశాన్ని లేపాను. "మీ అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?"

"సచ్చిపోయి ఆరేండ్లాయె సార్."

"మరి ఈ లేఖలో?"

"లెటర్ల బతికే ఉన్నది సార్."

గుట్టు అక్కడే బయటపడింది. కరీంనగర్ బస్టాండు దగ్గర హనుమండ్లు జిరాక్సు దుకాణంలో ఒక 'పనిచేసే లెటర్' ఉందట. ఏడేళ్ల కిందట సాయిచంద్ అనే క్లర్కు అది రాసి తొమ్మిది రోజుల్లో బదిలీ తెచ్చుకున్నాడట. నాటి నుంచి అందరూ దాన్నే కాపీ తీయించుకుని, పేరు మార్చి పంపుతున్నారు. వెళ్లి చూశాను. లామినేషన్ చేసిన ఆ కాగితం ఆంజనేయుడి పటం కింద, మూలకు కుంకుమ బొట్టుతో, వేలాడుతోంది. సాయిచంద్ నంబరు సంపాదించి ఫోన్ చేసి, వాళ్లమ్మ పక్షవాతం సంగతి అడిగాను.

"మా అవ్వకా? లక్వానా?" అని నవ్వాడు. "నిన్ననే మక్క చేన్ల కలుపు తీసింది సార్. నేనొచ్చిన సీట్ల అంతకుముందున్నోడు పోత పోత అని సెక్రెటరీ పానం తీస్తుండె, అందుకే నన్ను గాడ ఏసిండ్రు. నా లెటర్ ముట్టకముందే ఆర్డర్ మీద సంతకమైంది."

ఇంతకన్నా స్వచ్ఛమైన ఉదాహరణ నాకు జీవితంలో దొరకలేదు. మొక్కు మొక్కకముందే కురిసిన వానకు ఏడేళ్లుగా కొబ్బరికాయలు కొడుతున్నారు. రాజేశం గారికి నాలుగు పేజీల నివేదిక పంపాను. 'ఈ సంస్థకు వచ్చే లేఖల్లో తల్లి పక్షవాతాన్ని యువర్స్ ఫెయిత్‌ఫుల్లీతో సమానంగా చూడవలెను. అందులో మర్యాద ఉన్నది, అర్థం లేదు' అన్న వాక్యాన్ని రాసి, నేనే రెండుసార్లు చదువుకున్నాను. సమితి ఆ వారమే తీర్మానం చేసింది. తల్లిదండ్రుల పక్షవాతాన్ని కారణంగా చూపే ఏ దరఖాస్తునూ ఇకపై పరిశీలించరు. డాక్టరు సర్టిఫికెట్టు జతచేసినా సరే, ఎందుకంటే పాత దరఖాస్తులకూ సర్టిఫికెట్లున్నాయి.

క్లాసులు ముగిసిన మూడోనాడు జ్యోతిరాణి మా ఇంటికి వచ్చింది. బోథ్ బడిలో లెక్కల టీచరు. ఆరు ఆదివారాలూ చివరి బెంచీలో కూర్చుని ఒక్కసారి కూడా నోరు విప్పని మనిషి. చేతిలో తిరిగి వచ్చిన దరఖాస్తు ఉంది.

"సార్, గిది వాపస్ వచ్చింది."

"రాక ఏం చేస్తుంది?"

"మా అవ్వకు నిజంగనే లక్వ కొట్టింది సార్."

"అందరి అవ్వలకూ కొట్టింది కదమ్మా."

"అందరి అవ్వలకు ఎడమ పక్క కొట్టింది సార్. మా అవ్వకు కుడి పక్క."

నేను లేచి లోపలికి వెళ్లి సంచిలోంచి ఆమె కాగితాలు తీశాను. ఎర్ర సిరా అలాగే ఉంది. పందొమ్మిదిలో ఒక్కటి వేరుగా ఉంటే ముందు పరీక్షించవలసింది ఆ ఒక్కదాన్నే. ఊరూరా తిరిగి అదే చెప్పాను. నేను చేసింది మాత్రం దాన్ని వెక్కిరించడం.

కింద ఆమె రాసిన ఆత్మీయ లేఖ ఉంది. మిగతావాళ్లందరూ 'నేనిక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను' అని స్నేహితులకు రాశారు. ఈమె పక్కింటి శంకరవ్వకు రాసింది. రెండు గంటలకోసారి అవ్వను పక్కకు తిప్పాలని, గంజి చెంచాతో నోటి ఎడమ వైపు నుంచే పోయాలని, వీపు మీద ఎర్రబడ్డ చోట రుద్దవద్దని ఉంది. 'కుశల ప్రశ్న లేదు' అని నేను రెండు మార్కులు తీసేశాను.

"శంకరవ్వకు ఇంగ్లీషు వస్తుందా?"

"తెలుగే రాదు సార్. మీరు సొంత ముచ్చట రాయమంటిరి. నాకు గదే ఉన్నది."

తండ్రి బొగ్గు బాయిలో పనిచేసి చనిపోయాడు. తల్లి బుచ్చవ్వ మందమర్రిలో ఒక అద్దె గదిలో మంచం మీద ఉంది. ఈమె వారమంతా బోథ్‌లో ఉండి శనివారం వస్తుంది. ఇప్పటిదాకా శంకరవ్వ చూసింది. కూతురి కాన్పుకని నెలాఖరుకు ఆమె మెట్‌పల్లి పోతోంది. తర్వాత బుచ్చవ్వను చూసేవాళ్లు లేరు. మందమర్రి బడిలో ఒక లెక్కల ఖాళీ ఉంది, అదీ నెలాఖరుకే నింపుతారు.

ఒకరి మాట మీద నమ్మే అలవాటు నాకు లేదు. మర్నాడు బస్సెక్కి మందమర్రి వెళ్లాను. మంచం పక్కన నన్ను చూసి శంకరవ్వ నడుము మీద చేతులు పెట్టుకుంది.

"గీ సారేనా రిపోర్ట్ రాసింది? సూసుకోండ్రి సార్, గిది కుడి చెయ్యి. లేపి సూస్తరా?"

లేపి చూశాను. వదిలితే పడిపోయింది. బుచ్చవ్వ ఒక పక్కకు జారిన నోటితో ఏదో అంది. శంకరవ్వ దాన్ని విడమరిచింది. "ఇంకోపారి సూడుమంటుంది సార్, షక్ ఉంటె."

అక్కడినుంచి తిన్నగా రాజేశం గారి దగ్గరికి వెళ్లి, సవరణ లేఖ బల్ల మీద పెట్టాను. ఏ లోపమూ లేని అధికారిక లేఖ అది. ఆయన సగం చదివి పక్కన పెట్టాడు.

"సార్, తీర్మానం మీ రిపోర్టు మీదనే అయింది. ఇప్పుడు మీరే మినహాయింపు అడిగితే కమిటీల నా ఇజ్జత్ ఏముంటది?"

"నేను స్వయంగా చూసి వచ్చాను."

"మీరు చూసిండ్రు. రేపు ఎల్లేశం కూడ వాళ్ల అవ్వను చూసి రమ్మంటడు." తన జోకుకు తానే నవ్వుకుని, గొంతు తగ్గించాడు. "పోస్టు ఖాళీనే ఉన్నది. ఆమెకియ్యడానికి నాకేం ఎతరాజ్ లేదు. కారణం మార్చి రాయమనుండ్రి. నడుం నొప్పని రాస్తే రూలుకు అడ్డం రాదు."

అంటే నిజం రూలుకు అడ్డం, అబద్ధం కాదు. ఆ రూలు పుట్టించింది నేను.

జ్యోతిరాణికి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "మీరు అబద్ధం రాయరు సార్, నాకు ఎరుకే. నేనే రాసుకుంట. అడ్రసు ఏ దిక్కు పెట్టాలె, గంత చెప్పుండ్రి చాలు."

కాగితం ఆమె చేతిలోంచి తీసుకుని నేనే రాశాను. నిలబడి పాఠం చెబితే నడుము కింద మొదలై ఎడమ మోకాలి దాకా పాకే నొప్పి, బోథ్ నుంచి మందమర్రి దాకా ప్రతి వారం బస్సులో కుదుపులు, మెట్లు ఎక్కలేకపోవడం. వేడుకోలు లేదు, ప్రార్థన లేదు. నా జీవితంలో అంత నిర్దిష్టంగా, అంత నమ్మదగినదిగా మరో లేఖ రాయలేదు. ఆమె దాన్ని తన చేతిరాతలో ఎత్తి రాసి, సంతకం పెట్టింది. పదకొండు రోజుల్లో బదిలీ వచ్చింది. శంకరవ్వ మెట్‌పల్లి బస్సెక్కిన సాయంత్రమే జ్యోతిరాణి మందమర్రి చేరింది.

నవంబరులో, పింఛను కోసం నేను బతికే ఉన్నానని రుజువు చేసుకోవాలి కనుక, ఆధార్ కాపీ తీయించడానికి హనుమండ్లు దుకాణానికి వెళ్లాను. ఆంజనేయుడి పటం కింద కొత్త కాగితం వేలాడుతోంది.

"పాతదానికి మహిమ పోయింది సార్" అన్నాడు హనుమండ్లు, మిషను మూత దించుతూ. "గిది బోథ్ మేడమ్ లెటర్. పదకొండు దినాలల్ల పనైంది. ఎవలు రాసిండ్రో ఏమో, 'హంబ్లీ బెగ్' మరిసిండ్రు. నేనే కలిపిన."

నా వాక్యాలు ఒక్కటీ పొల్లుపోలేదు. కుంకుమ బొట్టు 'ఎడమ మోకాలు' అన్న మాట దగ్గర పడింది.

ఇంతలో ఎల్లేశం నడుము మీద చెయ్యి వేసుకుని దుకాణం మెట్టు ఎక్కాడు. నన్ను చూసి ఒక క్షణం తడబడ్డాడు.

"నమస్తే సార్. బెంచీలు మోసి మోసి పడిపోయింది సార్ నడుము. గీసారి అబద్ధం కాదు, ఒట్టు. గీ లెటర్ ఒకటి తీసుకుంట."

"ఏ పక్క నొప్పి?" అని అడిగాను.

"కుడి పక్క సార్" అన్నాడు. మళ్లీ కాగితం వైపు చూసి, "కాని గీ లెటర్ల ఎడమ అనే ఉన్నది గద. గట్లనే ఉండనీ. కుడి అని రాస్తె మళ్ల మీరు కాపీ కొట్టుడు గూడ చేతకాదంటరు."