రిపోర్టు బుక్కులో ఒక్క వాక్యం

భిలాయిలో సుపేలా దగ్గరి ఆ ఆసుపత్రిలో మధ్యాహ్నం డ్యూటీ మారేవేళ ఎప్పుడూ హడావుడే. నర్సింగ్ రెండో సంవత్సరం చదివే మెర్లిన్, బస్సు తప్పిపోతుందన్న తొందరలో సూర్యారావు మంచం పక్క కమ్మీ ఎత్తడం మరిచింది. స్టీల్ ప్లాంటులో రిటైరైన ఆ పెద్దాయన నిద్రలో దొర్లి కిందపడ్డాడు. ముంజేయి విరిగింది. మెర్లిన్ అప్పటికింకా వార్డు దాటలేదు. కమ్మీ దించి వెళ్లింది ఆయా అని రిపోర్టు బుక్కులో ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసేసింది.

ఎంత సుళువో చూడండి. ఆయాకు చదువు రాదు, ఆయాను అడిగేవాళ్లూ లేరు. సాయంత్రానికల్లా ఆ ఆయాను, అప్పలనర్సమ్మను, పనిలోంచి ఆపేశారు.

ఆ వాక్యం చదివిన నర్సింగ్ టీచరు కుముదినికి అనుమానం వచ్చింది. మరొకరైతే కమిటీ వేసి ఎవరో ఒకరి పేరు కొట్టేసేవారు. ఆ మహాతల్లి మర్నాడు ఉదయమే సూర్యారావు మంచం చుట్టూ స్టూళ్లు వేయించి, విద్యార్థినులనూ డ్యూటీ డాక్టరునూ అప్పలనర్సమ్మనూ కూర్చోబెట్టింది. డాక్టరు ఎదుట అప్పలనర్సమ్మ కూర్చోవడం అదే మొదలు.

"ఇక్కడ ఎవరికీ శిక్ష లేదు," అంది కుముదిని. " ఏం జరిగింది, ఎవరికి నొప్పి కలిగింది, ఎలా సరిచేద్దాం, అంతే. మెర్లిన్, నువ్వు రాసింది అప్పలనర్సమ్మకు తెలుగులో చదివి చెప్పు."

మెర్లిన్ బుక్కు తెరిచింది. భిలాయిలో పుట్టిన పిల్ల, హిందీయే బాగా వచ్చు. అయినా ఆ నాలుగు ముక్కలూ తెలుగులో రాకపోలేదు, కానీ తెరిచిన బుక్కు మళ్లీ మూసేసింది. రోగిని నొప్పి లేకుండా పక్కకు తిప్పడం తనకు చేతులు పట్టి నేర్పిన మనిషి ఎదురుగా ఉంది.

"ఏటి రాసినావమ్మా? సదువు, నానేటీ అనుకోను," అంది అప్పలనర్సమ్మ.

"కమ్మీ ఎత్తనిది నేనే," అని మెర్లిన్ ఏడ్చేసింది. "స్కూల్లోంచి తీసేస్తారని భయపడి మీ మీద రాశాను."

"నిన్నట్నుంచీ నాకు ముద్ద దిగనేదు," అంది అప్పలనర్సమ్మ. "నానే దించేసినానేమోనని నా మీద నాకే అనుమానమొచ్చింది."

"మా ప్లాంటులో ఒకడు తప్పు దాస్తే ఇంకొకడికి దెబ్బ తగిలేది," అన్నాడు సూర్యారావు.

డాక్టరు తలవంచుకున్నాడు. "నిన్ను ఒక్క మాట అడక్కుండా ఆపేశాను. అది నా తప్పు."

నీకేం కావాలని కుముదిని అడిగితే అప్పలనర్సమ్మ చెప్పింది: "పిల్లని తీసెయ్యకండి మేడమ్. తీసేస్తే ఇంకెక్కడా నిజం సెప్పదు. ఆ బుక్కులోనే నిజం రాయమనండి. కొత్త పిల్లలొచ్చినప్పుడు ఇదంతా తనే సెప్పాల."

మెర్లిన్ అందరి ముందూ నిజం రాసింది. అప్పలనర్సమ్మ ఆ పూటే డ్యూటీలో చేరింది.

జూలైలో కొత్త బ్యాచ్ వచ్చింది. మెర్లిన్ జరిగినదంతా దాచకుండా చెప్పి, పక్కనున్న మనిషిని చూపించింది.

"ఈవిడ అప్పలనర్సమ్మగారు. మనకు మొదటి టీచరు. తప్పు జరిగితే పరుగున వచ్చి చెప్పండి. మనిషిని వెళ్లగొడితే తప్పు పోదు, నలుగురూ కూర్చుని దిద్దుకుంటేనే పోతుంది."