ఇంకా రావాల్సినవాళ్లు

గోదాం ఆయన మూడు గదులు చూపించాడు. మొదటిది నేలమాళిగలో ఉంది. షట్టరు పైకెత్తగానే తడిసిన గోనెసంచి వాసన గుప్పుమంది. గోడకి చెయ్యి ఆనించి తీస్తే వేళ్లు చెమ్మగా ఉన్నాయి. రెండోది పై అంతస్తులో, పొడిగా, గాలి ఆడుతూ ఉంది గానీ ఒక మంచమూ ఒక బీరువా పెడితే మనిషి పక్కకి తిరిగి నడవాలి. మూడోది దాని పక్కనే, రెండింతలు. అద్దె అంతకు పైన.

"ఏం దిగులు పెట్టుకోకండమ్మా. ఇక్కడ సామాను మనకంటే సుఖపడుతుంది. ముసలైపోదు, మందులడగదు" అన్నాడు.

నవ్వించాలనే అన్నాడు. ఆమెకి నవ్వు రాలేదు. టేపు తీసి రెండో గది పొడవూ వెడల్పూ కొలిచి కాగితం మీద రాసుకుంది. అమ్మ బీరువా పడుతుంది. మంచం విప్పి గోడకి చేరేస్తే అదీ పడుతుంది. గిన్నెల పెట్టెలు పైకెక్కించొచ్చు. ఫ్రేములు పట్టవు.

ఫ్రేములు పట్టవని ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే ఆమెకి తెలుసు. ఆ మాట గది చేత చెప్పించాలనుకుంది, అంతే. రెండోది చాలంది.

నాన్న నలభై ఏళ్లు ఫొటోలకి ఫ్రేములు కట్టాడు. దుకాణానికి వచ్చే ఫొటోల్లో సగం పోయినవాళ్లవి. కొడుకో కోడలో ఏడ్చిన కళ్లతో వచ్చి, తొందరగా కావాలని ఇచ్చి వెళ్లేవాళ్లు. కొందరు మళ్లీ కనిపించేవాళ్లు కారు. వెనక అట్టకి చీటీ అంటించి, అద్దం తుడిచి, ఆయన వాటిని గోడకి నిలబెట్టి ఉంచేవాడు. పడుకోబెట్టేవాడు కాదు. గుర్తు చేసేవాడూ కాదు. చావు జరిగిన ఇంటికి కబురంపి తొందరపెట్టకూడదన్నది ఆయన పట్టుదల. చూడగలిగిన రోజున వాళ్లే వస్తారనేవాడు. దుకాణం మూసి నాలుగేళ్లయినా అరవై ఒక్క ఫ్రేములు ఆయన ఇంట్లో లోపలి గది గోడ పొడవునా నిలబడే ఉన్నాయి.

ఇప్పుడాయన కళ్లు మసకబారాయి, చేతులు వణుకుతున్నాయి. నెలాఖరుకి ఆ అద్దె ఇల్లు ఖాళీ చేసి, మూడో అంతస్తులో కూతురుండే రెండు గదుల ఇంటికి రావాలి. కుర్చీలు ఎవరికన్నా ఇచ్చేద్దామంటే సరేనన్నాడు. మంచం సంగతి నీ ఇష్టం అన్నాడు. ఒక్కటే అడిగాడు.

"అవి మనవి కావమ్మా. వాటిని మాత్రం జాగ్రత్తగా పెట్టు."

ఆమె సరేనంది. నాన్న మాటకి సరేననడం చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు. ఈసారి ఆ అలవాటే ఆమె నోటిచేత అబద్ధం ఆడించింది.

సోమవారం ఆమె భర్త మామగారిని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన పూట, పాత సామాన్లవాణ్ణి పిలిచింది. వాడు చెక్క మంచిదేనన్నాడు. గుమ్మంలో చతికిలబడి, పటకారుతో మేకులు పీకి, అద్దం ఒక పక్క, చెక్క ఒక పక్క పెట్టుకుంటూ పోయాడు. ఫొటోలని మాత్రం అట్టలతో సహా మంచం మీద పెట్టాడు.

"ఇవి నాకొద్దమ్మా. మనుషులు. మీరే ఏదన్నా చేసుకోండి" అన్నాడు.

వాడు వెళ్లాక మంచం మీద అరవై ఒక్క మంది మిగిలారు. తను వదిలించుకోవాలనుకున్నది వీళ్లని; పోయింది మాత్రం నాన్న చేతిపని. ఆ సంగతి ఆమెకి అప్పుడు తట్టింది.

ఒక్కొక్కటీ తిప్పి సర్దడం మొదలుపెట్టింది. మాసిన చీటీల మీద నాన్న గుండ్రటి అక్షరాలు. పాలాయన తల్లి. వంతెన దగ్గరి టైలరు భార్య. కవలల్లో పెద్దవాడు. సగం దాటాక ఒక చీటీ మీద, "అమ్మాయి అడిగింది. తనింటికి. వస్తుంది" అని ఉంది. ముందువైపు చూడక్కర్లేకపోయింది.

అమ్మ పోయిన వారానికి తనే అడిగింది, మా ఇంట్లోకి ఒకటి కట్టిపెట్టు నాన్నా అని. సిద్ధమైందన్నాడు. ఆదివారం వస్తానంది. ఆ ఆదివారం అమ్మని గోడ మీద చూసే ధైర్యం లేకపోయింది, పై ఆదివారమూ లేకపోయింది, ఆ తర్వాత మర్చేపోయింది. పదకొండేళ్లు. ఈ మధ్యలో ఈ ఇంటికి ఎన్నిసార్లు వచ్చి వెళ్లిందో. ఆయన ఒక్కసారీ గుర్తు చెయ్యలేదు.

మధ్యాహ్నం అల్లుడు ఆయన్ని గుమ్మం దగ్గర దింపి పనికి వెళ్లిపోయాడు. నాన్న చెప్పులు విప్పి లోపలి గదిలోకి నడిచాడు. ఫ్రేముల అంచులు తడుముకుంటూ మంచం దాకా వెళ్లడం ఆయనకి అలవాటు. చెయ్యి గాల్లో ఆడింది.

"ఎవరన్నా వచ్చారా?" అన్నాడు. ఆ గొంతులో ఆశ ఉంది.

అవునంటే ఆయన సంతోషంగా పడుకుంటాడు. ఇలాంటి అబద్ధానికి దేవుడు కోప్పడడేమో అనుకుంది. కోప్పడడని ఆమెకి ఎవరూ చెప్పి ఉండలేదు.

"వచ్చారు నాన్నా."

"అందరూనా?"

ఆమె మంచం మీది అట్టలవైపు చూసింది.

"మీ అమ్మది?"

"నేను తీసుకున్నాను."

"ఏదీ, ఇలా ఇయ్యి. అద్దం తుడిచిస్తా."

ఇవ్వక తప్పలేదు. భుజం మీది తువ్వాలు తీసి ఒక్కసారి రుద్దాడు. కాగితం చప్పుడైంది. బొటనవేలితో నాలుగు అంచులూ తడిమాడు. చెక్క చెక్కతో కలవాల్సిన ప్రతి మూల దగ్గరా కాస్త ఆగాడు.

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మంచం మీద కూర్చోబోతే చేతికి మిగతా అట్టలు తగిలాయి. వాటిని మెల్లగా జరిపి కూర్చున్నాడు. ఫొటో ఆమె చేతికి తిరిగిచ్చి, "ఇంకో దుకాణంలో కట్టించుకో. వాళ్లిచ్చే చీటీ పోగొట్టుకోకు" అన్నాడు.

గురువారం సామాను రెండో గదిలోకి చేరింది. నాన్నా వెంట వచ్చాడు. అన్నీ పట్టాయి. అరవై మందికీ అమ్మ బీరువాలో ఒక్క అర సరిపోయింది, పడుకోబెట్టేసరికి. అమ్మ ఫొటో ఆమె చేతిసంచిలో ఉంది. ఇంకా ఏ దుకాణానికీ ఇవ్వలేదు.

గోదాం ఆయన కాగితం తీసి, గది తెరవడానికి ఇద్దరి పేర్లే రాయాలనీ, మూడోవాళ్లు ఎవరొచ్చినా తియ్యననీ చెప్పాడు. ఆమె తన పేరు రాసి, నాన్న పేరూ రాసింది.

"అరవై మంది రావాల్సి ఉంది. వాళ్లొస్తే తీస్తావా బాబూ?" అని అడిగాడు నాన్న.

గోదాం ఆయనకి ఈసారి వేళాకోళం తోచలేదు. ఒకసారి ఆమెవైపు చూశాడు. "వాళ్లు మిమ్మల్నే అడుగుతారు లెండి పెద్దాయనా. అప్పుడు మీరొచ్చి తియ్యండి" అన్నాడు.

"వాళ్లకి దుకాణమే తెలుసు" అన్నాడు నాన్న.

షట్టరు దిగింది. తాళం పడింది. నాన్న షట్టరు పక్కన గోడకి చెయ్యి ఆనించి, తీసి, వేళ్లు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు.

"పొడిగానే ఉంది" అన్నాడు.