పాదాలకి అంటనిది

ఆ ఫ్యాక్టరీలో భోజనానికి ముందు చేతులు, భోజనమయ్యాక కాళ్లు కడుక్కునేవాళ్లు. కళ్లద్దాల ఫ్యాక్టరీ అది. మూడొందల మంది అద్దాలు అరగదీస్తారు, నునుపు పెడతారు, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తారు. ఒక్క ఇసుకరేణువు లోపలికొచ్చిందంటే పొద్దుటి నుంచీ చేసిన పని మీద గీత పడ్డట్టే. అందుకే క్యాంటీన్ బయట గోడ పొడుగునా ఇరవై నాలుగు కుళాయిలు. తిన్నవాళ్లు తిన్నట్టు ప్యాంట్లు పైకి మడిచి, వాటి ముందు వరసలు కట్టేవాళ్లు.

తిన్నది ఎంత దూరం నుంచి వస్తే అంత దారి కాళ్లకి అంటుకోవడం ఆ ఊళ్లో మామూలే. ఓడలో వచ్చిన శనగలు తింటే వేళ్ల సందుల్లో తడి ఇసుక, మడమల మీద ఉప్పు చారలు. లారీలో వచ్చిన బియ్యం తింటే డీజిల్ వాసన కొట్టే మసి. విమానంలో వచ్చిన పండు ఒక ముక్క నోట్లో వేసుకుంటే చాలు, కాళ్లు మబ్బులో నడిచొచ్చినట్టు చెమ్మగిల్లి చల్లబడిపోయేవి. సాయంత్రం ఇంటికెళ్లాక పిల్లలు తల్లి మడమలు చూసి, "ఇవాళ మీకు శనగలా?" అని అడిగేవాళ్లు. అంతకు మించి దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. మాట్లాడుకున్నదల్లా కుళాయిల దగ్గర పోయే టైము గురించే. రోజూ పాతిక నిమిషాలు. ఆ పాతికా సాయంత్రం పనికి కలిపేవాళ్లు.

దీని మీద లేచి నిలబడింది మైకు. కాలేజీలో ఎక్కిన ప్రతి డిబేట్లోనూ నెగ్గి, ఇక్కడ అద్దాలు పరీక్షించే బల్ల దగ్గర చేరిన అమ్మాయి. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది, మనుషుల నోట్లో మైకే. క్యాంటీన్ కమిటీ మీటింగులో చెప్పులు విడిచి, మసి పట్టిన పాదం కుర్చీ మీద పెట్టి చూపించింది.

"ప్రపంచమంతా పొగ పెరిగిపోతోందని మొత్తుకుంటోంది. ఆ పొగ ఎక్కడినుంచి వస్తోందో మనకి కాళ్ల మీదే కనబడుతోంది, అయినా కడిగేసుకుని పోతున్నాం. దూరం నుంచి వచ్చేదంతా నూనె తాగుతూ, పొగ కక్కుతూ వస్తోంది. దగ్గరిది తిందాం. కాళ్లు శుభ్రంగా ఉంటే గాలి శుభ్రంగా ఉన్నట్టే."

"తల్లీ," అన్నాడు వంట మాస్టర్, "శనగలు దూరానివి. సోయా దూరానిది. బీన్స్ గింజలూ అంతే. అవన్నీ తీసేస్తే పొయ్యి మీద ఏం పెట్టమంటావు, నీ ఉపన్యాసమా?"

అందరూ నవ్వారు. మైకూ నవ్వింది. ఆ నవ్వు సద్దుమణగకుండానే జవాబు చెప్పింది.

"వెనక గోడ అవతల, కొండవాలు మీద మా అక్క గొర్రెలున్నాయి మాస్టర్. కిటికీలోంచి చెయ్యి చాపితే అందుతాయి."

సూపర్‌వైజరు కుర్చీలో ముందుకి జరిగాడు. గాలి సంగతి ఆయనకి పట్టలేదు గానీ, పాతిక నిమిషాలు బాగా పట్టాయి.

అక్కకి పదకొండు గొర్రెలు. వాలంతా చిక్కటి పొదలు, పొదల మధ్య ఊట, ఊట పక్కన రెండు గదుల ఇల్లు. పెరట్లో కాసింది తిని, ఊటలో నీళ్లు తాగే మనిషి. ఆమె పాదాలకి పుట్టి బుద్ధెరిగాక ఏ దారీ అంటలేదు. అమ్మ పోయాక మైకుని పెంచింది ఆమే. డిబేట్లకి బస్సెక్కేటప్పుడల్లా, గొంతు పట్టేస్తుందని మెడకి ఉన్ని మఫ్లరు చుట్టి పంపేది.

"పదకొండు చాలే," అంది అక్క, ఒళ్లో గొర్రెని పట్టుకుని ఉన్ని కత్తిరిస్తూ. "ఇవి ఉన్నికోసం. ఈ వాలు ఇంతకన్నా మొయ్యలేదు."

"మూడొందల మందక్కా. ఎక్కడో సముద్రాల అవతలినుంచి తెప్పించుకుని తింటున్నారు. నువ్వు పక్కనే ఉన్నావు. ఇంతకంటే దగ్గరిది ఏముంటుంది?"

"దగ్గరంటే ఎవరికి దగ్గరే?"

మైకు ఆ మాట వింది. కానీ డిబేట్లో అవతలి జట్టు టైము లాగడానికి వేసే ప్రశ్నని విన్నట్టు వింది. వేళ్లు మడుస్తూ నాలుగు పాయింట్లు చెప్పింది. అక్క కత్తెర పక్కన పెట్టి, గొర్రె మెడ నిమురుతూ ఊరుకుంది. చిన్నప్పటి నుంచీ అంతే. అక్క ఏనాడూ ఓడిపోలేదు, ఊరుకునేది. ఆ ఊరుకోవడాన్ని మైకు తన గెలుపుల్లో కలిపేసుకునేది.

మరుసటి నెల నుంచి క్యాంటీన్లో ఊరి చేలల్లో పండిన బియ్యం, గొర్రె మాంసం. తిని లేచి కిందకి చూసుకుంటే కాళ్లు కడిగిన పళ్లాల్లా ఉన్నాయి. కుళాయిల దగ్గర వరసలు పోయాయి, పాతిక నిమిషాలు ముందే జనం ఇంటికెళ్లారు. మైకు మాటని సూపర్‌వైజరు గోడ మీద పెద్దక్షరాలతో రాయించాడు: కాళ్లు శుభ్రంగా ఉంటే గాలి శుభ్రంగా ఉన్నట్టే. మిగతా ఫ్యాక్టరీలవాళ్లు కూడా పిలిస్తే మైకు ఆదివారాలు వెళ్లి మాట్లాడి వచ్చేది. పాదాలు చూపించి మాట్లాడేది. చప్పట్లు బాగా పడేవి. ఆదివారాలు అలా పోవడంతో అక్క దగ్గరికి వెళ్లడం తగ్గింది.

మూడొందల కంచాలకి పదకొండు గొర్రెలు వారం కూడా రావు. మంద అరవై అయింది, ఏడాది తిరిగేసరికి నాలుగొందలు దాటింది. గడ్డి కావాలంటే పొదలు కొట్టక తప్పలేదు. పొదలు పోయాక గడ్డి ఎక్కువ రోజులు నిలవలేదు. వానలకి మట్టి జారి క్యాంటీన్ వెనక గోడకి ఆనింది. ఊట మొదట పెంటవాసన వేసింది, తర్వాత బురదైంది, తర్వాత అక్కడ ఊట ఉండేదని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆరు నెలలు అటు పోకుండా ఉండి మైకు మళ్లీ వెళ్లిన రోజున ఇంటి ముందు నీళ్ల ట్యాంకరు ఉంది. అక్క గ్లాసుతో నీళ్లిచ్చి, తనూ తాగింది. తాగిన కాసేపటికి ఇద్దరి కాళ్లకీ ఎర్రమట్టి పట్టింది. ఆ చుట్టుపక్కల ఎర్రమట్టి ఎక్కడా లేదు.

"కొండల అవతలి సరస్సు నుంచి తెస్తాడట," అంది అక్క. "రెండు నెలలైంది."

మైకు ఆమె కాళ్ల వైపు చూసింది. మట్టి పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. వేళ్ల సందులు పగిలి ఉన్నాయి. అంటిన దారిని కడుక్కోవడం అక్కకి తెలీదు, ఎప్పుడూ పని పడలేదు కదా. మైకు చెంబు తెచ్చి, కింద కూర్చుని, ఒక్కొక్క వేలూ విడదీసి కడిగింది. రెండు చెంబులకే అక్క చెయ్యి పట్టుకుంది.

"చాల్లే. ఆ నీళ్లు గొర్రెలకి కావాలి."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నీకు చెప్పి నేనెప్పుడు నెగ్గానే?" అంది అక్క. కోపంగా అనలేదు. అందుకే మైకు తలెత్తలేకపోయింది.

మర్నాడు మైకు వంటగదిలోకి వెళ్లి అంతా చెప్పింది. మాస్టర్ గరిటె తిప్పడం ఆపకుండా విన్నాడు.

"రేడియోలో చెప్పారు తల్లీ. గొర్రెలు నెమరేసి వదిలే గాలి ఉందే, అది పొగకంటే చెడ్డదట. శనగలు ఓడెక్కి వచ్చినా గాలికి ఇంత కీడు చెయ్యవట."

"కాళ్లకి ఏమీ అంటలేదు కదా మాస్టర్."

"కాళ్లకి దారి అంటుతుంది. గొర్రె ఎంత కొండ తిన్నదో అంటదు. కంటికి కనబడేది అదొక్కటే ఉందని మనం దాన్నే కొలుచుకున్నాం." గరిటె పక్కన పెట్టి, "మనం అని ఎందుకంటున్నానంటే, ఆ రోజు నేనూ నవ్వించి వదిలేశాను గానీ ఎదురు చెప్పలేదు," అన్నాడు.

కమిటీలో మైకు మళ్లీ లేచింది. శనగలు, సోయా తిరిగి తెప్పిద్దామంది, కాళ్లకి ఇసుక పట్టినా సరేనంది. తను చేసిన తప్పు తన నోటితోనే చెప్పింది. సూపర్‌వైజరు మర్యాదగా విని, కిటికీలోంచి గోడ మీది అక్షరాలు చూపించాడు.

"ఎవరు చెప్పారమ్మా ఈ మాట? చాలా గట్టి మాట. దీనికి జవాబుంటే చెప్పు."

ఆమె చెప్పింది. ఊట గురించి, వాలు గురించి, గాలి గురించి చెప్పింది. కానీ పాదాల మీద చూపించడానికి ఏమీ లేదు. వింటున్నవాళ్లంతా తలలు వంచి తమ శుభ్రమైన కాళ్లు చూసుకుంటున్నారు. చివరికి మాస్టర్ మొండిపట్టు పడితే వారానికి రెండు రోజులు శనగలకి ఒప్పుకున్నారు. మిగతా రోజుల సంగతేమిటంటే, "ఇంకో కొండ కూడా దగ్గరే ఉంది," అన్నాడు సూపర్‌వైజరు.

ఆ రెండు రోజుల కబురు చెప్పడానికి మైకు మధ్యాహ్నం సెలవు పెట్టి వాలెక్కింది. మంద లేదు. పొద్దునే ఎవరో కొనుక్కుని తోలుకుపోయారు. అక్క తలుపుకి తాళం వేస్తోంది, భుజాన ఒక సంచీ ఉంది.

"ఎక్కడికి?"

"నాకూ సరిగ్గా తెలీదు. కాళ్లకి తెలిసింది." రోజూ ఒకే దారి అంటుకుంటే పాదం ఆ దారి నేర్చేసుకుంటుంది, అది ఆ ఊళ్లో అందరూ ఎరిగిందే. అక్క పాదాలు ట్యాంకరు నీళ్లతో సరస్సు దాకా దారి నేర్చుకున్నాయి. "పొద్దున లేస్తే అటే తిరిగి ఉంటున్నాయి. ఎన్నాళ్లని ఆపను?"

"వారానికి రెండు రోజులకి ఒప్పుకున్నారక్కా. మిగతావీ ఒప్పిస్తాను. పొదలు మళ్లీ నాటుదాం, ఊట తిరిగొస్తుంది..." మైకు వేళ్లు మడవబోయి, సగంలో చేతులు దించేసింది.

"నాటు," అంది అక్క, తాళంచెవి ఆమె చేతిలో పెట్టి. "నువ్వు అన్నావంటే చేస్తావు. నేను మాత్రం ఉండలేనే, నీళ్లు కొనుక్కుని."

ఇద్దరూ వాలు దిగి రోడ్డెక్కారు. అక్క నడక చూస్తే పుట్టినప్పటి నుంచీ ఆ దారినే తిరిగినట్టుంది. గుంటలు చూడకుండానే దాటుతోంది, మలుపుల్లో తడుముకోవడం లేదు. మైకు పక్కనే నడుస్తూ, చెప్పాలనుకున్నది మొదలుపెట్టి, మింగి, మళ్లీ మొదలుపెట్టింది.

కల్వర్టు దగ్గర మైకు కాళ్లు ఆగిపోయాయి. ఎంత ప్రయత్నించినా తర్వాతి అడుగు ఎక్కడ పడాలో వాటికి తోచలేదు. అక్కడిదాకా ఆమెని నడిపించింది ఆ రోజు అక్క ఇచ్చిన ఒక్క గ్లాసు నీళ్లు, దానికి అంతే దారి.

అక్క వెనక్కి తిరిగి చూసింది. మఫ్లరు చుట్టేటప్పటిలా చెల్లెలి మెడ దాకా చెయ్యి చాపి, ఒకసారి తాకి, ముందుకి సాగిపోయింది.